పసిబిడ్డకు కాళ్ల మీద నీళ్లు పోయడం ఎలా?

కాన్పయి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన వారంలోపే ప్రతి ఇంట్లో ఒక వెతుకులాట మొదలవుతుంది. బిడ్డకు నీళ్లు పోసే అవ్వ ఎక్కడ దొరుకుతుంది? తిరుపతి కొర్లగుంటలో అయినా, చిత్తూరు గిరింపేటలో అయినా ఇదే వరస. అవ్వ వస్తుంది, నెలో రెండు నెలలో పోస్తుంది. ఆమె పోసినన్నాళ్లూ తల్లి బాత్రూమ్ గడప దగ్గర టవల్ పట్టుకుని నిలబడుతుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో పుట్టింటి నుంచి అత్తారింటికి వెళ్తుంది. అక్కడ మొదటి రోజే బిడ్డను తీసుకుని ఏ చేయి ఎక్కడ పెట్టాలో తెలియక టెన్షన్ పడుతుంది.

అందుకే మన కాళ్లు చాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టి నీళ్లు పోసే ఈ పనిని తల్లి మొదటి నెలలోనే నేర్చుకోవాలి. నేను మా పిల్లలకు, మా అక్కచెల్లెళ్ల పిల్లలకు, మా వీధిలో ఇంకెందరో పసివాళ్లకు నీళ్లు పోశాను. నాకు తెలిసినంతలో ఇందులో కష్టమైంది ఒక్కటే, బిడ్డను పట్టుకోవడం. నీళ్లు ఎవరైనా పోస్తారు. కానీ మన ఇళ్లల్లో అందరి చూపూ నీళ్ల మీద, నలుగు మీద, సాంబ్రాణి మీద ఉంటుంది. మెడ కింద చేయి ఉందా లేదా అన్నది ఎవరూ చూడరు.

ఎప్పటి నుంచి పోయాలి?

పుట్టిన మొదటి 24 గంటలు స్నానం వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇదే. ఒంటి మీద ఉన్న తెల్లటి జిగురు మురికి కాదు, బిడ్డ చర్మానికి కాపు. దాన్ని రుద్ది తీయకూడదు.

బొడ్డు ఊడేదాకా కాళ్ల మీద నీళ్లు పోయకూడదు. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. బొడ్డు సాధారణంగా 5 నుంచి 15 రోజుల్లో ఊడుతుంది. ఈలోపు దానికి పసుపు, బూడిద, ఆముదం, పౌడర్ ఏదీ పెట్టకండి. పొడిగా, గాలి తగిలేలా వదిలేస్తే అదే ఎండి రాలిపోతుంది. చుట్టూ ఎర్రబడినా, చీము కారినా, వాసన వచ్చినా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

పుట్టిన బరువు రెండున్నర కిలోల కన్నా తక్కువైతే, నెలలు నిండకుండా పుడితే డాక్టరు సరే అనేదాకా తుడవడమే. పదకొండో రోజు పురిటి స్నానం రోజున బిడ్డకూ పోయాల్సిందేనని పెద్దవాళ్లు పట్టుబడతారు. బొడ్డు ఊడకపోతే ఆ రోజు కూడా తడిగుడ్డతో తుడిచి కొత్త చొక్కా వేయండి. శాస్త్రానికి అది చాలు.

కావలసినవి

ఒక పొట్టి పీట, రెండు బకెట్లు, చిన్న చెంబు, ఒక గ్లాసు, మెత్తటి నూలు గుడ్డలు రెండు, పాత పంచె ముక్క ఒకటి, పెద్ద టవల్, తొడిగే బట్టలు, లంగోటీ. సబ్బు పసిపిల్లల సబ్బు ఏదైనా ఫర్వాలేదు. అన్నీ కుడిచేతికి అందేంత దూరంలో పెట్టుకున్నాకే బిడ్డను తీసుకురావాలి. కూర్చున్నాక టవల్ మరిచిపోయామని లేవడం కుదరదు.

పంచె ముక్క ఎందుకో కాసేపట్లో చెబుతాను. దాన్ని మాత్రం వదిలేయకండి.

వేళ

పాలు తాగి గంట దాటాలి. ఆకలి మీద ఉన్న బిడ్డ ఏడుస్తుంది, కడుపు నిండిన బిడ్డ కక్కుతుంది. నా పద్ధతిలో ఉదయం పది గంటలే సరైన వేళ. అప్పటికి ఎండ పొడుస్తుంది, ఇంట్లో హడావుడి తగ్గుతుంది. మే నెలలో తొమ్మిది లోపే ముగించాలి. నవంబరు, డిసెంబరుల్లో ముసురు పట్టి ఎండ కనబడని రోజు స్నానం మానేసి తుడవండి. పలమనేరు, కుప్పం వైపు చలికాలం పొద్దున పూట చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ పదకొండు దాకా ఆగినా తప్పు లేదు.

రోజూ రెండు పూటలా పోయాలనేది అవసరం లేని నియమం. వారానికి రెండు మూడు సార్లు పోసినా బిడ్డ శుభ్రంగానే ఉంటుంది. మన ఎండలకు రోజూ పోయాలనిపిస్తే రోజుకొక్కసారి పోయండి. మొత్తం పది నిమిషాలు దాటకూడదు. అరగంట పోస్తే బాగా నిద్రపోతుందని కొందరంటారు. అది చలికి, ఏడుపుకు అలసిపోయి పడే నిద్ర.

నీళ్లు

ముందు బకెట్లో చన్నీళ్లు, తర్వాత వేన్నీళ్లు. ఈ వరస మారకూడదు. వేన్నీళ్లు ముందు పోసి పెట్టుకుంటే, చన్నీళ్ల కోసం వెళ్లినప్పుడు ఇంట్లో ఇంకో పిల్లవాడు చేయి పెట్టే ప్రమాదం ఉంది. కలిపాక మోచేయి ముంచి చూడండి. మోచేతికి వెచ్చగా తగలాలి, వేడిగా అనిపించకూడదు. లెక్కలో చెప్పాలంటే 37, 38 డిగ్రీల మధ్య. అరచేతితో చూస్తే తెలియదు. రోజూ వంటింట్లో పనిచేసే చేతికి వేడి ఆనదు.

మన ఊళ్లో ఇంకో జాగ్రత్త కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద ట్యాంకులో నీళ్లు పదకొండు గంటలకే కాగిపోయి ఉంటాయి. చన్నీళ్ల కొళాయి తిప్పినా మరిగే నీళ్లు వస్తాయి. కొళాయి చన్నీళ్లదే కదా అని నేరుగా చెంబు పట్టి బిడ్డ మీద పోయకండి. ఎండాకాలంలో చన్నీళ్లను పొద్దున్నే బకెట్లో పట్టి నీడలో పెట్టుకోండి.

హీటర్ రాడ్ వాడేవాళ్లు ప్లగ్గు పీకి, రాడ్ బయటికి తీసి, బకెట్‌ను వేరే చోటికి మార్చాకే బిడ్డను తేవాలి. రాడ్ ఉన్న గదిలో బిడ్డ ఉండకూడదు.

బోరు నీళ్లు ఉప్పగా ఉండే వీధుల్లో సబ్బు సరిగా వదలదు. ఒంటి మీద పొరలా మిగిలి చర్మం ఎండిపోతుంది. అలాంటి చోట వారానికి రెండు సార్లకు మించి సబ్బు వద్దు. మిగతా రోజుల్లో ఉత్త నీళ్లే.

నూనె

కొబ్బరి నూనె, అది కూడా కొంచెమే. స్నానానికి అరగంట ముందు కాళ్లకు, చేతులకు, వీపుకు మెల్లగా రాయాలి. నువ్వుల నూనె, ఆముదం అని ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. నాకు కొబ్బరి నూనే నచ్చుతుంది. పలుచగా పాకుతుంది, జిడ్డు తక్కువ, ఉడుకు కాలంలో చెమటకాయలు కూడా తక్కువ.

నూనె ఎక్కువ రాయొద్దని చెప్పడానికి అసలు కారణం వేరే ఉంది. నూనె, సబ్బు, నీళ్లు మూడూ కలిస్తే బిడ్డ చేతిలో నిలవదు. అందుకే స్నానానికి కూర్చునే ముందు మిగిలిన నూనెను తడిగుడ్డతో తుడిచేయాలి. మీ చేతులు కూడా కడుక్కోవాలి. నూనె చేతులతో బిడ్డను ఎత్తనే కూడదు.

చెవుల్లో, ముక్కులో, బొడ్డులో నూనె చుక్కలు వేయడం ఇప్పటికీ పోలేదు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. ఇంట్లో ఎంత పెద్దవాళ్లు చెప్పినా ఈ ఒక్కదానికి ఒప్పుకోకండి.

కూర్చోవడం

పీట మీద కూర్చుని రెండు కాళ్లూ ముందుకు చాపండి. మోకాళ్లు కొద్దిగా పైకి లేవనిచ్చి పాదాలు రెండూ దగ్గరగా పెట్టండి. రెండు పిక్కల మధ్య ఒక పల్లం ఏర్పడుతుంది. ఆ పల్లం మీద పంచె ముక్కను తడిపి పరవండి. పొడి చర్మం మీద, నూనె చర్మం మీద బిడ్డ జారుతుంది. తడి నూలు గుడ్డ మీద జారదు. ఇంత తేలికైన ఉపాయం ఉండగా చాలామంది ఉత్త కాళ్ల మీదే పడుకోబెడతారు.

చీర కట్టుకుంటే మోకాళ్ల పైకి బిగించుకోండి. నైటీ అయినా అంతే. గాజులు, ఉంగరాలు, చేతి గడియారం ముందే తీసి పెట్టండి.

ఇప్పుడు బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి. తల మీ పాదాల వైపు, కాళ్లు మీ పొట్ట వైపు ఉండాలి. నిలబెట్టిన పాదాలు తలకు ఆసరా. పడుకోబెట్టాక కూడా ఎడమచేయి బిడ్డ మీద నుంచి తీయకూడదు. స్నానం మొత్తంలో ఎడమచేతికి ఇదొక్కటే పని. సబ్బు అందుకోవడం, నీళ్లు తోడటం, మొహం మీద వెంట్రుకలు తోసుకోవడం అన్నీ కుడిచేయి చూసుకుంటుంది.

ముందు మొహం. పిండిన గుడ్డతో కళ్లను ముక్కు వైపు నుంచి బయటికి, ఒక్కో కంటికి గుడ్డలో ఒక్కో మూల వాడుతూ తుడవండి. మొహం మీద నీళ్లు పోయకూడదు, సబ్బు తాకకూడదు. తర్వాత మెడ ముడతలు, చంకలు, తొడ సందులు. పాలు కారి మెడ ముడతల్లోకి చేరి పుండు పడుతుంది కాబట్టి అక్కడ ఓపిగ్గా కడగాలి. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కే కడగాలి. మగపిల్లలకు చర్మాన్ని వెనక్కి లాగకూడదు.

చెంబు జానెడు ఎత్తు నుంచే వంచాలి. ఎత్తు నుంచి దబదబా పోస్తే బిడ్డ ఉలిక్కిపడి ఊపిరి బిగబడుతుంది. ముందు పాదాల మీద కాసిన్ని పోసి, తర్వాత పొట్ట మీదికి రండి.

బోర్లా తిప్పడం

ఇక్కడ తొందర పడకండి. ప్రమాదం జరిగే అవకాశం ఇక్కడే ఎక్కువ.

మెడ నిలబడేది మూడు నాలుగు నెలలకు. అప్పటిదాకా బిడ్డ తలను తను మోయలేదు. బోర్లా వేస్తే మొహం మీ కాళ్ల మధ్య పల్లంలోకి దిగిపోతుంది. అక్కడ తడి గుడ్డ ఉంది, నీళ్లు పారుతున్నాయి. తల పక్కకు తిప్పుకునే బలం బిడ్డకు లేదు. మీకు కనిపించేది వీపు మాత్రమే. ఏడుపు ఆగిందంటే హాయిగా ఉందనుకుంటారు. ముక్కు మూసుకుపోయినా ఏడుపు ఆగుతుంది.

చాలా చోట్ల చూసేది ఏమిటంటే, రెండు చంకల కింద చేతులు వేసి గభాలున ఎత్తి, గాలిలోనే తిప్పి, బోర్లా పడేస్తారు. తల ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకు ఊగిపోతుంది. అలవాటైన చేతులు కాబట్టి ఏమీ కాలేదని చెబుతారు. మీ చేతులకు ఆ అలవాటు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

ఇలా చేయండి. బిడ్డ వెల్లకిలా ఉండగానే మీ ఎడమ అరచేతిని విప్పి గుండెల మీద ఆనించండి. బొటనవేలు ఒక చంక వైపు, మిగతా వేళ్లు ఇంకో చంక వైపు పోవాలి. బిడ్డ గడ్డం మీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులో కూర్చోవాలి. గొంతు మీద ఏ వేలూ పడకూడదు. పట్టు దవడ ఎముక మీద, గుండెల మీద ఉండాలి, మెత్తటి గొంతు మీద కాదు. మీ ముంజేయి బిడ్డ పొట్ట మీదుగా మీ వైపు వస్తుంది.

ఇప్పుడు కుడిచేతిని బిడ్డ తల వెనక, మెడ కింద, వీపు పైభాగానికి ఆనించండి. ముందు ఒక చేయి, వెనక ఒక చేయి. ఈ రెండు చేతుల మధ్య బిడ్డ కదలకుండా నిలిచిందని అనిపించేదాకా తిప్పకండి. అనిపించాక ఎత్తకుండా, మీ కాళ్ల మీదే, పక్కకు దొర్లించినట్టు తిప్పండి. తల, మెడ, నడుము ఒకేసారి తిరగాలి. నడుము ముందు తిరిగి తల వెనకబడకూడదు.

తిరిగాక బిడ్డ మీ ఎడమ ముంజేతి మీద పడుకుని ఉండాలి. ముంజేయి మీ పిక్కల మీద ఆని ఉండాలి. అంటే బిడ్డకూ మీ కాళ్లకూ మధ్య మీ చేయి ఉంటుంది. గడ్డం మీ వేళ్ల సందులో ఉంటుంది కాబట్టి ముక్కు, నోరు మీ చేతికి బయట గాలిలో ఉంటాయి. ముంజేయి తీసేసి బిడ్డను నేరుగా కాళ్ల మీద బోర్లా వదిలే పద్ధతి మెడ నిలబడేదాకా వద్దు. చేయి నొప్పి పుడుతుందంటారా? వీపు కడగడానికి ఒక నిమిషం కూడా పట్టదు. వీపుకు మూడు చెంబులు చాలు.

మొహం ఒక పక్కకు వాలేలా పట్టుకుంటే మీకు ఒక బుగ్గ, ఒక కన్ను కనిపిస్తాయి. అవి కనిపించకపోతే పట్టు సరిగా లేనట్టే. మళ్లీ వెల్లకిలా తిప్పి మొదటి నుంచి చేయండి.

అందుకే నా దగ్గర ఒక నియమం ఉంది. మొదటి మూడు నెలలు స్నానానికి ఇద్దరు ఉండాలి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు పోయాలి. పోసే మనిషి ఎదురుగా కూర్చుంటే బిడ్డ మొహం ఆమెకు పూర్తిగా కనిపిస్తుంది. ఆమె పని సగం నీళ్లు పోయడం, సగం మొహం చూడటం. ఆ సమయంలో ఫోను మోగినా, గుమ్మంలో ఎవరు పిలిచినా పలకకూడదు. భర్తను కూర్చోబెట్టండి. మగవాళ్లకు ఇది చేతకాదని తోసేయకండి, చక్కగా చేస్తారు. ఇంట్లో ఎవరూ లేని రోజు వీపు కడగడానికి తిప్పొద్దు. ఉన్న చోటే తడిగుడ్డతో తుడిచి ముగించండి.

ఏడుస్తూ ఏడుస్తూ బిడ్డ ఊపిరి బిగబడితే నీళ్లు ఆపేయండి. వెంటనే వెల్లకిలా తిప్పి, మెడకు ఆసరా ఇచ్చి లేవదీసి భుజానికి వేసుకోండి. నోట్లోకి నీళ్లు పోతే పక్కకు ఒరిగించి నోరు తుడవండి. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం పనికిరాదు. పెదవులు నీలంగా మారినా, ఊపిరి సరిగా తీయకపోయినా 108కి ఫోన్ చేయాలి.

తలకు పోయడం

తల చివర. మన పెద్దవాళ్లు తలతో మొదలుపెడతారు, నేను ఒప్పుకోను. పసిబిడ్డకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, తడిసిన తల నుంచి ఒంటి వేడి త్వరగా పోతుంది. మొదటే తడిపితే స్నానం అయ్యేదాకా బిడ్డ ఒంటి వేడి పోతూనే ఉంటుంది.

ఒళ్లంతా కడిగాక బిడ్డను పొడి టవల్లో చుట్టేయండి. తల మాత్రమే బయట ఉండాలి. ఇప్పుడు కాళ్ల మీద కాదు, ఎడమ ముంజేతి మీద వెల్లకిలా పడుకోబెట్టుకోండి. మెడ, తల వెనక భాగం మీ అరచేతిలో, బిడ్డ నడుము మీ మోచేతికీ మీ నడుముకూ మధ్య. తల కొద్దిగా వెనక్కి వాలాలి, వేలాడకూడదు. కుడి అరచేతిని నుదుటి మీద చూరులా అడ్డం పెట్టండి. ఎదుటి మనిషి చెంబుతో కాకుండా గ్లాసుతో, నుదుటి పై నుంచి వెనక్కి పారేలా పోయాలి. మూడు నాలుగు గ్లాసులు చాలు. వెంటనే తల తుడవాలి. ఆలస్యం చేయకండి.

మాడు మెత్తగా ఉంటుంది, గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటుంది. భయపడాల్సింది లేదు, కానీ నొక్కకూడదు. ముందు మాడు పూర్తిగా మూసుకోవడానికి ఏడాదిన్నర దాకా పడుతుంది. మాడు లోపలికి గుంట పడినట్టున్నా, బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు కూడా ఉబ్బి ఉన్నా డాక్టరు చూడాలి. మాడు మీద పొలుసులు కడితే గోటితో గీకకండి. అరగంట ముందు కొబ్బరి నూనె రాసి, మెత్తబడ్డాక గుడ్డతో తుడవండి. కొద్ది కొద్దిగా పోతాయి.

ఎవరు చెప్పినా చేయకూడనివి

తల గుండ్రంగా రావాలని నొక్కడం, ముక్కు నిటారుగా రావాలని లాగడం. ఎముక మీ చేతి మాట వినదు. కాన్పులో నొక్కుకుపోయిన తల కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఒకే పక్క పడుకోబెట్టకుండా తల దిక్కు మారుస్తుంటే చాలు.

రొమ్ములు పిండటం. ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా పుట్టిన కొత్తలో రొమ్ములు ఉబ్బవచ్చు, చుక్క పాలలా రావచ్చు. అది తల్లి హార్మోన్ల వల్ల, కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. పిండితే చీము పట్టి గడ్డ అవుతుంది. ఇది నేను చాలా ఇళ్లల్లో చూశాను, చూసిన ప్రతిసారీ చేయి పట్టుకుని ఆపాను.

ముక్కులోకి, నోట్లోకి ఊదడం. గొంతులో వేలు పెట్టి కళ్లె తీయడం. రెండూ వద్దు.

నూగు పోవాలని సున్నిపిండి, గోధుమపిండి ముద్దతో రుద్దడం. నూగు దానంతటదే రాలుతుంది. పిండి ముడతల్లో ఇరుక్కుంటుంది, కంట్లో పడుతుంది, లేత చర్మం గీరుకుపోతుంది. ఆరు నెలల దాకా నేను సున్నిపిండి ముట్టనివ్వను.

తుడిచాక

రుద్దకుండా అద్ది తుడవండి. ముడతల్లో తడి ఉండకూడదు. ఆఖరి చెంబు నీళ్లు తిప్పి పోసి "శ్రీరామరక్ష, నూరేళ్ల ఆయుష్షు" అనడం మన ఇళ్లల్లో ఉంది. హాయిగా అనండి. బిడ్డను టవల్లో చుట్టాకే అనండి, తడి ఒంటితో పట్టుకుని కాదు.

సాంబ్రాణి వద్దు. నిప్పుల మీద గంప బోర్లించి, దాని మీద బిడ్డ తల ఆరబెట్టడం చూడటానికి బాగుంటుంది. ఆ పొగ పెద్దవాళ్లకే దగ్గు తెప్పిస్తుంది, పసి ఊపిరితిత్తులకు ఎంత హానో ఆలోచించండి. వాసన కావాలంటే దేవుడి గదిలో వేసుకోండి. బిడ్డ తల ఆరడానికి పొడి గుడ్డ చాలు.

పౌడర్ వద్దు. గాల్లోకి లేచి ఊపిరితో లోపలికి పోతుంది. కంటికి కాటుక వద్దు. దుకాణాల్లో దొరికే కాటుకల్లో సీసం ఉండే ప్రమాదం ఉంది, ఇంట్లో చేసినదైనా వేలితో పెడితే కంటికి ఇన్ఫెక్షన్ వస్తుంది. దిష్టి చుక్క కావాలంటే అరికాల్లో పెట్టండి. బుగ్గ మీద పెడితే చేతికి, చేతి నుంచి కంటికి, నోటికి పోతుంది.

క్షయ రాకుండా ఇచ్చే బీసీజీ టీకా వేసిన ఎడమ భుజం మీద నాలుగు నుంచి ఆరు వారాల మధ్య చిన్న బొడిపె లేచి చీము పట్టినట్టు కనిపించవచ్చు. అది మామూలే. స్నానంలో దాన్ని రుద్దకండి, నూనె రాయకండి, పసుపు పెట్టకండి, పిండకండి. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాల రోజున టీకాకు ముందే పొద్దున నీళ్లు పోసేయండి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 38 డిగ్రీలు తాకితే స్నానం మాట పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రయినా ఆగొద్దు.

తుడిచి బట్టలు వేయగానే పాలు పట్టండి. ఈ నిద్ర మంచి నిద్ర, రెండు మూడు గంటలు పడుకుంటుంది. బాలింతలు ఆ సమయంలో లంగోటీలు ఉతకడానికి లేస్తారు. లేవకండి. వేడి వేడిగా తినండి, బిడ్డ పక్కన పడుకోండి. ఉతికే పని ఇంట్లో ఇంకెవరైనా చేయగలరు, పాలిచ్చేది మీరొక్కరే.

సిజేరియన్ అయిన తల్లులు కుట్లు పూర్తిగా మానేదాకా, అంటే ఆరు వారాల దాకా, పీట మీద కాళ్లు చాపి కూర్చుని వంగకూడదు. వాళ్లు ఎదురుగా కుర్చీలో కూర్చుని గ్లాసుతో పోసే పని తీసుకోవాలి. అవ్వ పోస్తున్నా సరే, ఎదురుగా కూర్చునే హక్కు తల్లిది. ఎడమచేయి ఎక్కడుందో అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది. ఆరు వారాలు అలా చూసిన తల్లికి తర్వాత భయం ఉండదు.

కొండ మీద పుట్టు వెంట్రుకలు

మన జిల్లాల్లో ఈ మాట చెప్పకపోతే కుదరదు. తిరుమల కళ్యాణకట్టలో పుట్టు వెంట్రుకలు ఇచ్చాక బిడ్డకు తల కడగాలి. కింద తిరుపతిలో ఉక్కపోస్తున్నా కొండ మీద తెల్లవారుజామున చలిగా ఉంటుంది. అక్కడి కొళాయి నీళ్ల కింద బిడ్డ తల పెట్టకండి. గది నుంచి బయలుదేరేటప్పుడే ఫ్లాస్కులో వేన్నీళ్లు తీసుకెళ్లి, చన్నీళ్లు కలిపి, పైన చెప్పినట్టు టవల్లో చుట్టి గ్లాసుతో పోయండి. గుండు మీద చందనం రాసే ముందు తల పూర్తిగా ఆరాలి. తర్వాత నూలు టోపీ. వెంట్రుకలు ఇచ్చేదాకా తలకు నీళ్లు పోయకూడదని కొందరు పట్టుబడతారు. అలాంటి మొక్కు ఏదీ లేదు. చెమటకు, నూనెకు కురుపులు లేస్తాయి. వారానికి రెండుసార్లు తల కడగండి.

కూర్చోవడం వచ్చాక

ఆరో నెల దాటి బిడ్డ కూర్చోవడం మొదలుపెట్టాక కాళ్ల మీద పోయడం మానేయవచ్చు. తిరగబడుతుంది, చెంబు లాక్కుంటుంది, మీ నడుము నొప్పి పుడుతుంది. వెడల్పాటి టబ్బులో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి, అడుగున తడి గుడ్డ పరిచి కూర్చోబెట్టండి. ఒక చేయి బిడ్డ మీద ఉండే నియమం ఇక్కడా మారదు. నాలుగు వేళ్ల నీళ్లలో కూడా పసిబిడ్డ మునిగిపోతుంది, అరవకుండానే మునిగిపోతుంది.

పాకే వయసు నుంచి ఇంకో పని అలవాటు చేసుకోండి. స్నానం అవగానే బకెట్లో మిగిలిన నీళ్లు పారబోసి, బకెట్ బోర్లించండి. మన ఇళ్లల్లో నీళ్ల కరువుకు బకెట్లు, డ్రమ్ములు నింపి పెట్టుకుంటాం. వాటికి గట్టి మూత ఉండాలి. బాత్రూమ్ తలుపుకు బిడ్డకు అందనంత ఎత్తులో బయటి వైపు గడియ బిగించండి. వడ్రంగిని ఐదో నెలలోనే పిలిపించండి.